ఆడవాళ్ళ వైపు, మగవాళ్ళ వైపు

డాన్సు చేస్తే ముసలివాళ్ళకు మంచిదట. ఆరోగ్యకేంద్రంలో ఫిజియో రోన్యా చెప్పేదాకా ఈ సంగతి హిల్కాకు తెలియదు, పాపం. పదహారో ఏట మొదలుపెట్టి అరవై ఏళ్ళపాటు, ప్రతి వేసవి శనివారం, సరస్సు ఒడ్డున ఉన్న డాన్సు మంటపంలో చెప్పులు అరిగేలా ఆడిన మనిషి. అంతా అజ్ఞానంలోనే ఆడేసింది.

"గుండెకు మంచిది హిల్కా గారూ. బీపీకి మంచిది. మతిమరుపు దగ్గరికి రాదు. నిద్ర పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, తూలిపడటం తగ్గుతుంది" అని రోన్యా వేళ్ళు మడిచి లెక్కచెప్పింది. "దీని మీద పెద్ద పెద్ద పరిశోధనలు జరిగాయి."

రోన్యాకు ఇరవై ఏడేళ్ళు. మనసు మంచిది, కాదనడానికి లేదు. ముసలివాళ్ళతో మాట్లాడేటప్పుడు మాత్రం గొంతు కాస్త పెంచి, మాటలు సాగదీసి, 'మీరు' అనాల్సిన చోటల్లా 'మనం' అనేది. మనం కుర్చీలోంచి లేద్దాం, మనం ఒంటికాలి మీద నిలబడదాం అంటూ. నిలబడేది హిల్కా ఒక్కతే.

"మరి ఇన్నేళ్ళు ఆడాను కదా, మార్చిలో ఎందుకు పడ్డాను?" అంది హిల్కా.

"మనం పడింది మంచు మీద కదండీ!"

"అదీ నిజమే. డాన్సు చేస్తూ పడలేదు. ఇంటి ముందు పోస్టు డబ్బా దగ్గర పడ్డాను. తీరా చూస్తే వచ్చింది ఉత్తరం కూడా కాదు, చెవి మిషన్ల ప్రకటన."

ఆ ప్రకటన కోసం తుంటి ఎముక విరిగింది. స్క్రూలు బిగించారు, చేతికి కర్ర ఇచ్చారు. ఇప్పుడీ తూలకుండా నిలబడే పరీక్షలో యాభై ఆరుకు ముప్ఫై ఒకటి వచ్చాయి. సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష. నలభై అయిదు దాటితే కర్ర వదిలేయొచ్చు. ఇంకా తగ్గాయో, కర్ర పోయి తోసుకునే చక్రాల బండి వస్తుంది. డాన్సు నేల మీదికి చక్రాల బండితో ఎవరూ వెళ్ళలేరు. హిల్కాకు వినబడింది ఆ ఒక్క సంగతే, మిగతావన్నీ చెవి పక్కనుంచి పోయాయి.

రోన్యా కంప్యూటర్‌లో టకటకా కొట్టి కాగితం తీసి చేతిలో పెట్టింది. 'డాన్సు. వారానికి ఒకసారి, మంగళవారం.' మందుల చీటీలా సంతకం, ముద్ర కూడా ఉన్నాయి. ఆ కాగితం చూసి హిల్కాకు కళ్ళు చెమర్చినంత పనయింది. ప్రభుత్వం వారు చేసిన మంచి పనులు ఆవిడ జీవితంలో ఎన్నో లేవు, ఇదొకటి అనుకుంది.

మంగళవారం తోలు అడుగున్న డాన్సు బూట్లు వేసుకుంది. నీలం గౌను తొడుక్కుంది, అడుగున కుచ్చిళ్ళు తిరిగేది. చర్చి వారి హాల్లోకి అడుగుపెట్టింది.

హాల్లో పన్నెండు కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఒక్కో కుర్చీ మీద ఒక్కో పల్చటి రంగు గుడ్డ.

"మనం ఇప్పుడు చక్కగా కూర్చుందాం" అంది రోన్యా. కూర్చున్నారు. సంగీతం వచ్చింది. "మనం మబ్బులం. ఆకాశంలో తేలుతున్నాం. గుడ్డ పైకీ... గుడ్డ కిందికీ..."

హిల్కా ఎర్ర గుడ్డ పట్టుకుని అయిదు నిమిషాలు మబ్బుగా ఉంది. ఆ తర్వాత ఉండబట్టలేక అడిగింది: "డాన్సు ఎప్పుడమ్మా?"

"ఇదేనండీ డాన్సు! కుర్చీ డాన్సు!"

ఎడమ పక్క కుర్చీలో తొంభై రెండేళ్ళ ఎల్నా కళ్ళు మూసుకుని, పసుపు గుడ్డ ఊపుతూ, చిన్నపిల్లలా నవ్వుతోంది. ఆవిడకు అది పండగే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ హిల్కా గౌను కుచ్చిళ్ళు కుర్చీ కింద నలిగిపోతున్నాయి.

"మరి మంటపానికి ఎప్పుడు వెళ్ళొచ్చు?"

"అమ్మో, ఇప్పుడే వద్దు! నేలంతా మైనం, జారుడు, జనం, తోపులాట. ఏడాది గడవనిద్దాం, అప్పుడు చూద్దాం" అని రోన్యా ఆవిడ భుజం తట్టింది. "డాన్సు వల్ల వచ్చే లాభాలన్నీ ఇందులోనే వస్తాయి, ప్రమాదం మాత్రం ఉండదు."

డెబ్బై ఆరేళ్ళ మనిషితో ఏడాది ఆగమని అంత తేలిగ్గా అనడానికి ఇరవై ఏడేళ్ళుండాలి. హిల్కా ఆ శనివారమే ఐలికి ఫోన్ చేసి కారు తీయమంది.

ఐలి పక్కవీధి మనిషి, వయసులో రెండేళ్ళు చిన్న. ముగ్గురు మొగుళ్ళను సాగనంపింది. నాలుగో వాడు మంటపంలో దొరుకుతాడని గట్టి నమ్మకం.

"ఫిజియో వద్దందా? ఐతే తప్పకుండా వెళ్దాం" అంది ఐలి.

మంటపంలో పద్ధతి తాతల నాటిది. ఒక గోడవైపు ఆడవాళ్ళు, ఎదుటి గోడవైపు మగవాళ్ళు నిలబడతారు, మధ్యలో ఖాళీ నేల. పాట మొదలవగానే మగవాడు నేల దాటి వచ్చి, తల వంచి, "వస్తారా?" అంటాడు. ఒకరితో రెండు పాటలు. రెండూ అయ్యాక ఆడమనిషిని చెయ్యిపట్టి తీసుకొచ్చి, ఎక్కడినుంచి తీసుకెళ్ళాడో అక్కడే దిగబెట్టి, థాంక్స్ చెప్పి వెళ్ళాలి. మధ్యలో వదిలేసి వెళ్ళిన మగవాడి పేరు పది ఊళ్ళలో చెడిపోతుంది. సాయంత్రంలో ఒక గంట మాత్రం ఆడవాళ్ళ వంతు. వేదిక మీద లైటు బోర్డు వెలిగితే ఆడవాళ్ళే నేల దాటి వెళ్ళి పిలుస్తారు. పిలిచినప్పుడు కాదనకూడదు. ఎవరూ కాదనరు కూడా.

పంతొమ్మిది వేసవులుగా మొదటి టాంగోకు హిల్కాను పిలిచేది తౌనో. దుంగల లారీ నడిపి రిటైరయ్యాడు, డెబ్బై తొమ్మిదేళ్ళు. హిల్కాకు భర్త పోయి ఇరవై రెండేళ్ళు, తౌనోకు భార్య పోయి అంతకన్నా ఎక్కువే. సాయంత్రం మొత్తంలో ఆయన మాట్లాడేవి రెండే మాటలు: మొదట "వస్తారా?", చివర "థాంక్స్". మధ్యలో ఆరు నిమిషాలు కుడిచెయ్యి ఆవిడ వీపు మీద ఉండేది, తలుపు తెరిచి పట్టుకున్నంత జాగ్రత్తగా. ఆ ఆరు నిమిషాల కోసమే హిల్కా మిగతా వారమంతా బతికేది. ఇది ఆవిడ ఐలితో కూడా అనలేదు. అని ఏం లాభం? ఆయన ఏనాడూ మూడో పాటకు అడగలేదు. ఆవిడ ఏనాడూ ఆడవాళ్ళ వంతులో ఆయన్ను పిలవలేదు. పిలిస్తే చాటింపు వేసినట్టే కదా, ఎవరేమనుకుంటారో అని.

ఆ మొదటి శనివారం హిల్కా కర్రతో నిలబడింది. టాంగో మొదలైంది. మగవాళ్ళు బిలబిలా నేల దాటి వచ్చారు. కర్ర చూడగానే ఒక్కొక్కరికి పైకప్పు దూలాల మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. ఆవిడకు ఎడమన ఉన్నావిడను పిలిచారు, కుడిన ఉన్నావిడను పిలిచారు. తౌనో అయితే కదలనే లేదు. కాఫీ కిటికీ పక్క స్తంభానికి ఆనుకుని, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఎవరినీ పిలవలేదు.

"కర్ర పట్టుకుని నిలబడితే ఎవడొస్తాడే? గొర్రెలు కాయడానికి వచ్చావనుకుంటారు" అంది ఐలి, యాలకుల బన్ను నములుతూ.

రెండో శనివారం కర్ర కారులోనే వదిలేసి, గోడకు ఆనుకుని నిలబడింది. ఎవరూ రాలేదు. ఊరు చిన్నది, స్క్రూల సంగతి అందరికీ తెలుసు. తౌనో మళ్ళీ అదే స్తంభం, అవే నేల చూపులు. హిల్కాకు ఒళ్ళు మండిపోయింది. పంతొమ్మిది వేసవులు! ఒక స్క్రూ బిగించేసరికి మనిషి కనబడకుండా పోతాడా? పోనీ వచ్చి "ఎలా ఉంది తుంటి?" అని అడిగితే ముత్యాలు రాలతాయా?

"వచ్చే శనివారం ఆడవాళ్ళ వంతులో నేనే పిలుస్తాను" అంది కారులో. "కాదనడానికి వీల్లేదు కదా, చస్తాడా."

ఐలి బ్రేకు వేసినంత పని చేసింది. "ఎవర్ని?"

"ఆ స్తంభాన్ని."

ఆ వారమంతా హిల్కా ఇంట్లో కర్ర లేకుండా నడక సాధన చేసింది. పొయ్యి దగ్గరనుంచి వీధి గుమ్మం దాకా, మళ్ళీ వెనక్కి. సరిగ్గా ముప్ఫై అయిదు అడుగులు వెయ్యగలిగేది. ముప్ఫై ఆరో అడుగుకు తుంటి మొరాయించేది. మంటపం నేల ఈ గోడ నుంచి ఆ గోడకు ముప్ఫై రెండు అడుగులని ఆవిడకు అరవై ఏళ్ళుగా తెలుసు. ఇంక కావలసిందేముంది? తిరిగి రావడం గురించి ఆవిడ ఆలోచించనే లేదు. తిరిగి తీసుకొచ్చి దిగబెట్టడం మగవాడి పని. అది సూర్యుడు ఉదయించినంత ఖాయం.

మూడో శనివారం, జులై నడిమధ్య. రాత్రి ఎనిమిదయినా సరస్సు మీద ఎండ తళతళలాడుతోంది. బోర్డు వెలిగింది. అకార్డియన్ వాయించేవాడు నిదానమైన టాంగో ఎత్తుకున్నాడు. హిల్కా గోడను వదిలింది.

ఒకటి, రెండు, మూడు. మైనం పూసిన నేల బూట్ల కింద జారుతోంది. పది. ఎవరో "అయ్యో, చూడండి" అన్నారు. ఇరవై. తుంటిలో సూది గుచ్చుకుంటోంది. ముప్ఫై. ముప్ఫై రెండు. స్తంభం ముందు ఆగి, గడ్డం పైకెత్తింది.

"వస్తారా?"

తౌనో నేలమీంచి కళ్ళెత్తలేదు. "రాను" అన్నాడు.

చుట్టూ ఉన్న పదిమందీ విన్నారు. సాసేజి తింటున్న ఒకాయన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఆ మంటపంలో ఆడవాళ్ళ వంతులో ఆ మాట విని ఎన్నేళ్ళయిందో ఎవరూ చెప్పలేరు. హిల్కా చెవులు కాలిపోయాయి. ఏడుపు వచ్చింది, నిజంగానే వచ్చింది. మింగేసింది. అప్పుడు తట్టింది ఆవిడకు అసలు సంగతి: తన దగ్గర ఇంకా మూడడుగులే మిగిలున్నాయి.

"రాకపోతే మానెయ్యండి. నన్ను నా చోటికి దిగబెట్టండి."

"డాన్సు చేశాక కదా దిగబెట్టేది" అన్నాడు తౌనో.

"చెయ్యకుండానే దిగబెట్టించుకునే గతి పట్టింది నాకు! కర్ర కారులో ఉంది. ఇక్కడే కూలబడతాను, పైన మీ ఇష్టం."

తౌనో స్తంభాన్ని వదిలి, మోచెయ్యి అందించాడు. రెండడుగులు వేశారు. మూడో అడుగులో హిల్కాకు అనుమానం వచ్చింది. ఆ చెయ్యి తనను మోయడం లేదు. తన మీదే వేలాడుతోంది.

"తౌనో గారూ, మీరు నన్ను పట్టుకున్నారా, నేను మిమ్మల్ని పట్టుకున్నానా?"

"తెలియదు."

"తాగారా?"

"కాఫీ." మరో అడుగు వేసి, ఊగి, ఆగాడు. "ఏప్రిల్‌లో మా ఆవిరిస్నానం గది మెట్ల మీద పడ్డాను. అప్పటినుంచి తల తిరుగుడు. తల ఎత్తితే చాలు, ఇల్లంతా తిరుగుతుంది. మిమ్మల్ని పిలిస్తే పడేస్తానేమోనని... విరిగిన తుంటి కదా. అందుకని."

పంతొమ్మిదేళ్ళలో ఆయన మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఇన్ని ఉండవు.

"కర్ర చూసి మొహం చాటేశారనుకున్నాను."

"ఏ కర్ర? నేను నేల చూస్తూ నిలబడ్డాను కదా. మీ బూట్లు చూశాను." ఇంకొంచెం ఆగి, "మూడు వారాలూ చూశాను" అన్నాడు.

"డాక్టరుకు చూపించారా?"

"చూపించాను. గురువారం గుంపులో వేశారు. కుర్చీల మీద."

హిల్కా గొంతులోంచి నవ్వు తన్నుకొచ్చింది. "ఏ రంగు?"

"పచ్చ. మేము గాలికి ఊగే గడ్డి."

"మేము మబ్బులం!"

అప్పటికి వాళ్ళు నేల అంచున ఉన్నారు. జంటలన్నీ ఎడమకు తిరుగుతూ, ఒకే వరదలా వస్తున్నాయి. దానికి అడ్డంపడి అవతలి గోడకు పోవడం దుంగల లారీ వల్ల కూడా కాదు. ఆగితే గుద్దేస్తారు, వెనక్కి పోదామంటే స్తంభం అప్పటికే దూరమైంది. వరదతో పాటు పోవాలి, అంతే. పోవడమంటే డాన్సు చెయ్యడమే.

"ఓరి నాయనా, పడితే పడదాం!" అంది హిల్కా. పంతొమ్మిదేళ్ళ 'మీరు' అక్కడే ఎక్కడో జారిపోయింది. "ఇద్దరికీ ఒకే అంబులెన్సు సరిపోతుంది, ప్రభుత్వానికి కూడా కలిసొస్తుంది. నా గౌనుకు బ్రోచి పిన్ను ఉంది, చూశావా? దాన్నే చూడు. ఇంక దేన్నీ చూడకు. నీ తల సంగతి నేను చూసుకుంటాను, నా తుంటి సంగతి నువ్వు చూసుకో."

తౌనో బ్రోచి మీదికి చూపు నిలిపాడు. కుడిచెయ్యి ఆవిడ వీపు మీదికి వచ్చింది. ఈసారి తలుపు పట్టుకున్నట్టు కాదు, పడవ అంచు పట్టుకున్నట్టు. ఆయన ఎడమకు ఒరిగితే ఆవిడ కుడికి లాగింది. ఆవిడ కాలు తడబడితే ఆయన బరువు ఆపింది. ఒక్కరుగా ఇద్దరూ నిలబడలేరు, కానీ టాంగోలో ఒక్కరుగా నిలబడే అవసరమే లేదు. అరవై ఏళ్ళుగా ఒంటికి అలవాటైన అడుగులు, ఎవరూ చెప్పకుండానే పడ్డాయి. హిల్కాకు సంతోషంతో గుండె పగిలిపోతుందేమో అనిపించింది. గుండెకు మంచిదని రోన్యా చెప్పింది కదా అని సరిపెట్టుకుంది.

రెండు పాటలూ అయ్యేసరికి ఆడవాళ్ళ గోడ దగ్గరికి చేరారు. తౌనో తల వంచకుండా, కళ్ళు మాత్రం దించి, "థాంక్స్" అన్నాడు. వెనక్కి తిరిగి ఖాళీ నేల చూశాడు. ముప్ఫై రెండు అడుగులు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆయన మొహం పాలిపోయింది.

"ఇది ఆడవాళ్ళ వంతు" అంది హిల్కా. "పిలిచింది నేను. పద్ధతి ప్రకారం నిన్ను నేనే దిగబెట్టాలి. పద."

దిగబెట్టాలంటే మళ్ళీ వరదలో దిగాలి. ఇంకో రెండు పాటలు. స్తంభం దగ్గరికి చేరాక ఇప్పుడు హిల్కా అవతల ఉండిపోయింది. ఆవిడను దిగబెట్టాల్సిన బాధ్యత ఆయన మీద పడింది. ఇంకో రెండు పాటలు. ఆ సాయంత్రం వాళ్ళు ఒకరినొకరు అయిదుసార్లు దిగబెట్టుకున్నారు.

"పది పాటలు! ఒకే మనిషితో పది పాటలు! సిగ్గూ ఎగ్గూ ఉందా?" అంది ఐలి కారులో, కుళ్ళుకుంటూ.

"ఎప్పుడూ రెండుకు మించలేదే. పద్ధతి తప్పామా?" అంది హిల్కా.

ఆ తర్వాత ప్రతి శనివారం దిగబెట్టుకోవడం సాగింది. ఆగస్టు వచ్చేసరికి హిల్కా అరవై అడుగులు నడిచేది, తౌనో బ్రోచి వదిలి ఆవిడ మొహం చూసేవాడు. మంగళవారం ఆవిడ మబ్బు, గురువారం ఆయన గడ్డి. ఒక్క వారం కూడా మానలేదు, రోన్యాకు అనుమానం రాకుండా. ఆగస్టు చివర మంటపం కిటికీలకు చెక్కలు కొట్టేశారు. మళ్ళీ తెరిచేది మే నెలలోనే.

సెప్టెంబరు పరీక్షలో హిల్కా ఒంటికాలి మీద కొంగలా నిలబడింది. యాభై ఆరుకు నలభై ఎనిమిది.

రోన్యా కుర్చీలోంచి ఎగిరినంత పని చేసింది. "చూశారా! కుర్చీ డాన్సు! పదిహేడు పాయింట్లు! మన కరపత్రంలో మీ ఫోటో వేస్తాం, గుడ్డతో. చెప్పండి హిల్కా గారూ, ఏ కదలిక మీకు బాగా పనికొచ్చింది?"

హిల్కా నోరు తెరిచింది. నిజం నాలుక చివర దాకా వచ్చింది. కానీ ఆ పిల్లను బాగా ఎరుగును కదా. నిజం చెబితే ఊరుకుంటుందా? పాపం సంతోషంతో మంటపానికి పరుగెత్తుతుంది. మైనం గీకిస్తుంది. జారని రబ్బరు పరిపిస్తుంది. నేల నడిమధ్యన పన్నెండు కుర్చీలు వేయిస్తుంది.

"ఎర్ర గుడ్డ" అంది హిల్కా. "పైకి ఊపినప్పుడు."

రోన్యా అది శ్రద్ధగా రాసుకుంది. హిల్కా కర్రను ఆమె బల్లకు ఆనించి వదిలేసి, బయటికి వచ్చింది. నడవాలో తర్వాతి వంతు తౌనోది. టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం చెప్పావు?"

"ఎర్ర గుడ్డ అన్నాను. నువ్వు పచ్చ గుడ్డ అను."

తౌనో తల ఊపాడు. ఊపినా గోడలు తిరగలేదు కాబోలు, ఇంకోసారి ఊపి చూసుకున్నాడు. టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు.

"మే నెల దాకా ఎనిమిది నెలలు" అన్నాడు.

"లెక్కలొచ్చే నీకు."

"మా వంటగదిది చెక్క నేల. రేడియోలో శనివారం టాంగోలు వేస్తారు."

హిల్కా గడ్డం పైకెత్తి అడిగింది: "ఎన్ని పాటలు? రెండేనా? మళ్ళీ తీసుకొచ్చి ఎక్కడ దిగబెడతావు?"

తౌనో టోపీని ఇంకో చుట్టు తిప్పాడు. లోపలినుంచి రోన్యా ఆయన పేరు పిలిచింది. ఆయన లేవలేదు.

"చిన్న వంటగది" అన్నాడు చివరికి. "అందులో ఆడవాళ్ళ వైపు, మగవాళ్ళ వైపు లేవు. దిగబెట్టడానికి వేరే చోటు లేదు, హిల్కా."